పేరాలో వాక్యక్రమము

శాస్త్రవ్యాసములందు విషయలోపము కన్న క్రమలోపమే పాఠకుని ఎక్కువగా చికాకుపరచును. భద్రాచలం వరదలను గూర్చి వ్రాయువారు కొందరు రామదాసు కట్టించిన ఆలయముతో మొదలిడి, పోడు వ్యవసాయము మీదుగా నీటిమట్టమునకు వచ్చి, ‘కావున పోడువలననే వరదలు’ అని ముగింతురు. విడివిడిగా చూచిన, ముగింపునకు ముందున్న ప్రతి వాక్యమును నిజమే కావచ్చును. కాని ఒకటి వేరొకదానికి ఆధారము కాదు.

పేరాలో మొదటి వాక్యము ఒక్క ప్రతిపాదన చేయవలెను: ‘భద్రాచలం వద్ద 2022 జూలై వరద 1986 ఆగస్టు వరదంత ఎత్తునకు రాలేదు.’ వెంటనే ఆధారము రావలెను: 1986లో గోదావరి 75.6 అడుగులకు, 2022లో 71.3 అడుగులకు చేరినది. పిదప వివరణ: భేదము 4.3 అడుగులే, రెండును మూడవ ప్రమాద హెచ్చరికయగు 53 అడుగులను ఎంతో మించినవి.

ముగింపు ఆధారమును దాటిపోరాదు. ఈ అంకెలు నీటి ఎత్తును మాత్రమే తెలుపును. నష్టము చెప్పుటకు ఇండ్ల, పంటల లెక్కలు కావలెను. కారణము చెప్పుటకు ఎగువ వర్షపాతము చూడవలెను. గోదావరి పరీవాహక ప్రాంతము మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడినది. భద్రాచలం చుట్టునున్న కొండవాలులను మాత్రమే చూచి అంత నదికి కారణము నిర్ణయింపరాదు. ఆ విషయములకు వేరు పేరాలు, వేరు ఆధారములు అవసరము.

ఇది కేవలము శైలికి సంబంధించిన పట్టింపు కాదు. క్రమము తప్పిన పేరాలోని తుదివాక్యము పోడు చేసుకొను కోయ, కొండరెడ్డి కుటుంబములపై నిరాధారమైన నిందయగును.