బెల్టుకు దారి చూపే ఇనుము

విజయవాడ నుంచి హైదరాబాద్ దారిలో ఇబ్రహీంపట్నం దగ్గరికి వచ్చేసరికి అందరి చూపూ నార్ల తాతారావు థర్మల్ కేంద్రం చిమ్నీల మీదికే పోతుంది. ఆ ఆవరణలోనే నేల నుంచి బాయిలర్ల వైపు ఏటవాలుగా ఎక్కే పొడవాటి గ్యాలరీలు ఉన్నాయి. వాటిని పట్టించుకునేవాళ్లు తక్కువ. ఇక్కడ మొదటి 210 మెగావాట్ల యంత్రం 1979లో తిరగడం మొదలుపెట్టింది. యూనిట్ కరెంటుకు రమారమి 700 గ్రాముల బొగ్గు అనుకుంటే, ఆ ఒక్క యంత్రం రోజంతా నిండుగా నడవడానికే 3,500 టన్నులు కావాలి. 2023 చివర్లో వచ్చిన 800 మెగావాట్ల యంత్రంతో కలిపి కేంద్రం సామర్థ్యం 2,560 మెగావాట్లకు చేరింది. సింగరేణి నుంచీ, ఒడిశాలోని తాల్చేరు నుంచీ రైల్లో వచ్చే బొగ్గు టిప్లర్ దగ్గర వ్యాగన్ బోర్లపడి గోతిలోకి జారుతుంది. అక్కడి నుంచి బాయిలరు బంకరు చేరేదాకా దాని ప్రయాణమంతా బెల్టుల మీదే.

ఆ గ్యాలరీలు అంత పొడవు ఎందుకంటే, బొగ్గును మరీ నిటారుగా ఎక్కిస్తే వెనక్కి దొర్లుతుంది. 16 డిగ్రీల వాలులో 40 మీటర్ల ఎత్తు ఎక్కాలంటే నేల మీద దాదాపు 140 మీటర్ల దూరం కావాలి. అంత పొడవునా బెల్టును గాలిలో నిలబెట్టేది ఇనుప ఫ్రేము. మోటారునూ గేర్‌బాక్సునూ కంపెనీ పేరు చూసి కొంటారు. బెల్టును ఎన్ని ప్లైలో, అంటే ఎన్ని పొరలో అడిగి మరీ కొంటారు. ఫ్రేమును మాత్రం కిలోల లెక్కన చేయిస్తారు.

కృష్ణా డెల్టాలోనూ దాని అంచుల్లోనూ విడి సరుకు బెల్టెక్కే చోట్లు ఇంకా చాలా ఉన్నాయి. ఉయ్యూరు చక్కెర మిల్లులో చెరకు పిప్పి, జగ్గయ్యపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో సున్నపురాయి, పరిటాల చుట్టుపక్కల క్రషర్లలో కంకర, గుడివాడ మొదలు తెనాలి దాకా రైసు మిల్లుల్లో ధాన్యం, ఊక. ఘనపు మీటరు పిప్పి 120 కిలోలు తూగితే ధాన్యం 550 నుంచి 600, బొగ్గు 800, కంకర 1,600 వరకూ తూగుతాయి. ఇంత తేడా ఉన్న సరుకులకు ఒకే రకం ఫ్రేము చేసి ఇచ్చేవాళ్లూ ఉన్నారు, తీసుకునేవాళ్లూ ఉన్నారు.

మూడు రోలర్లు కలిపి దోనెలా వంచిన బెల్టు మనం రోజూ చూసేదే. అది 1890లలో అమెరికాలోని న్యూజెర్సీలో రూపు దిద్దుకుంది. ఎడిసన్ ఇనుప ఖనిజం పనుల కోసం థామస్ రాబిన్స్ అనే ఆయన దాన్ని తీర్చిదిద్దాడు. అంతకు ముందు ఇంగ్లండు రేవుల్లో ధాన్యాన్ని బల్లపరుపు బెల్టుల మీద నడిపేవాళ్లు. అప్పటి నుంచి రబ్బరు మారింది, బేరింగులు మారాయి. ఫ్రేము సూత్రం మాత్రం మారలేదు.

ఫ్రేము పని బరువు మోయడమని చాలామంది నమ్మకం. లెక్క వేసి చూద్దాం. గంటకు 1,000 టన్నుల బొగ్గు సెకనుకు 2.5 మీటర్ల వేగంతో పోతోందనుకుంటే, మీటరు బెల్టు మీద ఏ క్షణంలోనైనా ఉండే బొగ్గు 111 కిలోలు. రెండు బియ్యం బస్తాలకు కాస్త ఎక్కువ, అంతే. రైసు మిల్లులో అయితే మరీ విచిత్రం. గంటకు 20 టన్నుల ధాన్యం 1.25 మీటర్ల వేగంతో పోతే మీటరుకు నాలుగున్నర కిలోలు కూడా ఉండదు. అక్కడ ఫ్రేము మీద పడే అసలు బరువు ధాన్యానిది కాదు, అడ్డంగా దాటుతూ దాని మీద కాలు పెట్టే హమాలీది. బస్తా భుజాన ఉన్న మనిషి ఒక్క కాలు మోపితే ఫ్రేము చానెల్ మీద వంద కిలోల పైనే ఒకే చోట పడుతుంది. అందుకే మిల్లు ఫ్రేమును ధాన్యానికి కాక మనిషికి లెక్క కట్టాలి. లేదా దాటడానికి వేరే మెట్ల వంతెన పెట్టాలి. రెండోది చౌక, పైగా ప్రాణానికి మంచిది.

ఇక గాలి. భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం విజయవాడకు మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరుకు 150 కిలోల ఒత్తిడి వస్తుంది. మిగతా గుణకాలన్నీ పక్కన పెట్టి చూసినా, మూడు మీటర్ల ఎత్తున రేకు మూసిన గ్యాలరీని గాలి ప్రతి మీటరు పొడవునా 450 కిలోల బలంతో పక్కకు తోస్తుంది. లోపల కిందికి నొక్కే బొగ్గుకు ఇది నాలుగు రెట్లు. తూర్పు తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపల కట్టే ఫ్యాక్టరీ కట్టడాలకు ఆ వేగాన్ని ఇంకో 15 శాతం పెంచి లెక్కించాలని 2015 నాటి సవరణ చెబుతోంది. ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక అది 32 శాతం అదనపు భారం. గుడివాడ, ఉయ్యూరు, బందరు ఈ గీత లోపలివే. 1977 నవంబరు 19 తుఫాను చూసిన కృష్ణా జిల్లాకు ఈ సంఖ్యలు కాగితం మీది జాగ్రత్తలుగా తోచవు. అయినా గ్యాలరీని మోసే ట్రెస్టిల్ కాళ్లను కింద వెడల్పుగా చాపి, మధ్యలో ఐమూల బ్రేసింగు కొట్టమంటే, ఆ నాలుగు యాంగిళ్లు దండగనే యజమానులు ఉంటూనే ఉన్నారు.

బలం ఎక్కడ కావాలో తెలియనప్పుడు అందరూ చేసే పని మందం పెంచడం. కాలికీ కాలికీ మధ్య దూరం గురించి ఆలోచించరు. మీటరుకు అదే బరువు, అదే చానెల్ ఉంచి ఆ దూరాన్ని రెట్టింపు చేస్తే, నడుమ వంగడం రెట్టింపు కాదు, పదహారు రెట్లవుతుంది. రెండు కాళ్లు ఎక్కువ వేస్తే పోయే జబ్బుకు కిలోల కొద్దీ ఇనుము పోస్తారు. నిలబెట్టడంలోనూ కిటుకు ఉంది. 100 మిల్లీమీటర్ల చానెల్ నిలువుగా ఉంటే, పడుకోబెట్టినప్పటి కంటే ఏడు రెట్లు బిర్రుగా ఉంటుంది. బోల్టులు వేయడానికి వీలుగా ఉందని చానెల్‌ను పడుకోబెట్టి, దాని మీద రోలర్ బ్రాకెట్లు బిగించిన ఫ్రేములు చూస్తే ఇనుము మీదే జాలేస్తుంది.

బరువు సంగతి అలా ఉంచి, ఫ్రేము అసలు పని చెప్పాలంటే బెల్టు స్వభావం చెప్పాలి. రోలరు బెల్టుకు సరిగ్గా అడ్డంగా లేకపోతే, దాని ఏ చివరను బెల్టు ముందుగా తాకుతుందో ఆ చివర వైపే జరుగుతుంది. మీటరు, మీటరుంపావుకు ఒకటి చొప్పున కింద వందల రోలర్లు ఉంటాయి. ఫ్రేము ఒక చోట కోసుగా ఉంటే అక్కడి రోలర్లన్నీ కలిసి బెల్టును ఒకే పక్కకు తోస్తాయి. అంచు వెళ్లి చానెల్‌కు ఒరుసుకుంటుంది. అంచు పోగులు లేస్తాయి, సరుకు పక్కన ఒలుకుతుంది. ఒలికింది తిరుగు బెల్టు మీద పడి వెనక చివరనుండే టెయిల్ పుల్లీలో నలుగుతుంది, ఆ ముద్ద పుల్లీకి అంటుకుని బెల్టును మరింత తిప్పుతుంది. బెల్టు చిరిగితే బెల్టు కంపెనీని తిడతారు. తప్పు చాలాసార్లు ఫ్రేములో ఉంటుంది.

ఈ విషయం విజయవాడ ఆటోనగర్ షెడ్లలో పనిచేసేవాళ్లకు పుస్తకం లేకుండానే తెలుసు. లారీల చుట్టూ పెరిగిన పేట అది. షాసీ మూలలు కుదరకపోతే బండి పక్కకు లాగుతుందని ఎరిగిన చేతికి బెల్టు సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. పద్ధతులు చూడ్డానికి సాదాగా ఉంటాయి. రెండు చానెళ్లను సమానంగా పరిచి, అడ్డ యాంగిళ్లను టాకాలతో ఆపి, ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు టేపు పట్టి చూస్తారు. రెండు కొలతలూ ఒకటైతే ఫ్రేము మూలమట్టానికి ఉన్నట్టు. తేడా వస్తే ఒక మూలను సుత్తితో కొట్టి కుదురుస్తారు. ఆ తర్వాతే పూర్తి వెల్డింగు. అదైనా ఒక పక్కంతా ఒకేసారి లాగకూడదు. వేడికి చానెల్ ఆ పక్కకే గుంజుకుంటుంది. ఇక్కడో బెత్తెడు, అవతల పక్కనో బెత్తెడు వేసుకుంటూ, చల్లారనిస్తూ పోవాలి. తొందరపడిన వెల్డరు చేతిలో ఆరు మీటర్ల చానెల్ విల్లులా వంగిన సంగతి ఎవరినడిగినా చెబుతారు.

సైటులో ఫ్రేము ఎక్కించేటప్పుడు బెల్టును లాగే హెడ్ నుంచి టెయిల్ దాకా నడుమ సన్నటి తీగ బిగించి, ప్రతి అడ్డ యాంగిల్ మధ్య గుర్తు దాని కిందికి వచ్చిందా అని గుండు దారం వేసి చూస్తారు. లెవెల్‌కు నీటి గొట్టం. గొట్టంలో గాలి బుడగ ఉండిపోతే అది చెప్పేదంతా అబద్ధం కాబట్టి, ముందు రెండు చివరలనూ ఒకచోట చేర్చి నీళ్లు సమంగా నిలుస్తున్నాయో లేదో చూస్తారు. ఇప్పుడు లేజరు పరికరాలు వచ్చాయి. మంచివే. కానీ మే నెల మధ్యాహ్నపు ఎండలో లేజరు చుక్క కంటికి ఆనదు. తీగ ఆనుతుంది.

ఎంత జాగ్రత్తగా చేసినా కాస్త తేడా మిగులుతుంది. అందుకే రోలర్ బ్రాకెట్లను ఫ్రేముకు వెల్డింగు చేయకూడదు. పొడుగు రంధ్రాల్లో బోల్టులతో బిగించాలి. బెల్టు కుడి పక్కకు పోతుంటే, ఆ చోటికి కాస్త ముందున్న రోలర్ల కుడి చివరలను బెల్టు నడిచే దిశలోకి కొద్దిగా జరుపుతారు. సుత్తితో చిన్న దెబ్బ, బెల్టును రెండు మూడు చుట్లు తిరగనివ్వడం, మళ్లీ చిన్న దెబ్బ. దీనికి ఓపిక తప్ప వేరే పనిముట్టు లేదు. బోల్టులకు అయ్యే ఖర్చు మిగులుతుందని బ్రాకెట్లు అతికేసిన ఫ్రేముకు ఈ వైద్యం కుదరదు. గ్యాస్ కట్టరు తేవాల్సిందే.

నిజంగా ఎక్కువ ఇనుము కావలసిన చోట్లు రెండే. మొదటిది హెడ్. 75 కిలోవాట్ల మోటారు బెల్టును సెకనుకు 2.5 మీటర్ల వేగంతో లాగుతుంటే ఆ లాగుడే మూడు టన్నులు. పుల్లీకి పైనా కిందా ఉన్న బిగువు కలిపితే హెడ్ ఫ్రేమును టెయిల్ వైపు గుంజే బలం అయిదారు టన్నులకు పోతుంది. మోటారు మొదలయ్యేటప్పుడు ఇంకా ఎక్కువ. నిలువు కాళ్లు ఎంత లావున్నా ఈ గుంజుడుకు ఆగవు, వెనక్కి దన్నుగా వాలు కాలు ఉండాలి. రెండోది సరుకు పడే చోటు. పైనుంచి సున్నపురాయి పడే దగ్గర రోలర్లు అడుగుకొకటి రావాలి, వాటి కింద అడ్డాలు దగ్గరగా ఉండాలి. మిగతా పొడవునా ఫ్రేము తేలికగా ఉన్నా నష్టం లేదు, తిన్నగా ఉంటే చాలు.

ఎండ విషయం కూడా చెప్పాలి. జనవరి తెల్లవారుజామున ఉన్న ఇనుముకూ, మే మధ్యాహ్నం ముట్టుకోలేని ఇనుముకూ 40 డిగ్రీల తేడా సులభంగా ఉంటుంది. 60 మీటర్ల గ్యాలరీ ఆ తేడాకు దాదాపు 29 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఒక చివర గట్టిగా కట్టి, రెండో చివర జారడానికి చోటు వదలాలి. రెండు వైపులా బిగిస్తే ఆ పొడవు ఎక్కడికీ పోలేక ఫ్రేమును పక్కకు వంచుతుంది. చలికాలంలో సరిగా నడిచిన బెల్టు ఎండాకాలంలో పక్కకు పోతోందంటే ముందు చూడాల్సింది ఆ చివరనే.

ఇంకో శత్రువు నేల. డెల్టా నల్లరేగడి వేసవిలో చెయ్యి దూరేంత పగులుతుంది, వానలకు ఉబ్బుతుంది. పైపైన పోసిన కాంక్రీటు దిమ్మ మీద ట్రెస్టిల్ కాలు నిలబెడితే, ఒక కాలు లేచి ఒక కాలు దిగి బెల్టు ఒరుగుతుంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే అండర్‌రీమ్డ్ పైలును అభివృద్ధి చేసింది. మూడున్నర మీటర్లు లేదా ఇంకా లోతుకు, తేమ మారని పొర దాకా దిగి, అడుగున గంటలా వెడల్పయ్యే కాంక్రీటు స్తంభం అది. దిమ్మ కంటే ఖరీదే. అది పెట్టలేని చిన్న మిల్లులు కనీసం బేస్ ప్లేటు కింద సర్దుబాటు నట్లు ఉంచుకుంటే, వానాకాలం పోయాక నీటి గొట్టం పట్టుకుని లెవెల్ మళ్లీ సరిచేసుకోవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలు మునిగాక, గోతిలో ఉండే టెయిల్ ఫ్రేములనూ మోటార్లనూ ఎంత ఎత్తున పెట్టాలన్నది కూడా లెక్కలోకి రావాలి.

తుప్పు నిలవ ఉన్నచోట పుడుతుంది. తడిసిన బొగ్గు పొడి గానీ ఊక దుమ్ము గానీ చేరి కూర్చునే మూల ఏదీ ఫ్రేములో ఉండకూడదు. చానెల్ నోరు బయటికి తిప్పాలి. రెండు యాంగిళ్లు వీపులు ఆనించి కుడితే మధ్య సందులో రంగు వేయడానికి కుంచె దూరదు, నీళ్లు మాత్రం దూరుతాయి. తిరుగు బెల్టు కింద చీపురు పట్టేంత ఖాళీ వదలాలి. మంగినపూడి దగ్గర కడుతున్న బందరు పోర్టు పూర్తయి అక్కడ బెల్టులు నడిస్తే, ఉప్పుగాలికి ఈ జాగ్రత్తలు రెట్టింపు కావాలి. మామూలు రంగు అక్కడ ఎక్కువ కాలం నిలవదు, జింకు పూత అడగాల్సి వస్తుంది.

చిక్కంతా బిల్లు దగ్గర ఉంది. ఫ్యాబ్రికేషన్ కూలి కిలోకు ఇంత అని కడతారు. బరువైన ఫ్రేము చేసినవాడికి ఎక్కువ ముడుతుంది. మూలల కొలతకు గంటసేపు కూర్చున్నవాడికి ఆ గంట దండగ. వెల్డింగు చల్లారేదాకా ఆగిన వెల్డరుకు ఆ రోజు తూకం తగ్గుతుంది. ఇలా లెక్క కడుతూ తిన్నని ఫ్రేము రాలేదనడం న్యాయం కాదు. ఆర్డరు కాగితంలో కొన్ని వాక్యాలు చేరిస్తే చాలావరకు సర్దుకుంటుంది. ప్రతి ముక్కకూ మూలల కొలతల తేడా ఎన్ని మిల్లీమీటర్ల లోపు ఉండాలో రాయాలి. బ్రాకెట్లు బోల్టులతోనే అని రాయాలి. ఖాళీ బెల్టు ఒక పూట, సరుకుతో ఒక పూట నడిపి, అంచు ఎక్కడా ఇనుముకు తగలలేదని ఇద్దరూ చూశాకే ఆఖరి వాయిదా అని రాయాలి. ఆ చూసే పూటలకూ, సుత్తితో సర్దే పనికీ వేరుగా కూలి కట్టాలి, కిలోల్లో కలపకుండా.