మాఱువేషమున పలికిన నిజము

ఇబ్రహీంపట్నము పెద్దచెఱువు కట్టనుండి ఉత్తరముగా సాగి విజయవాడ రహదారిని చేరినచో 1996లో వెలసిన రామోజీ ఫిల్మ్ సిటీ కనబడును. సెట్టుల ప్రపంచమున ఒకే గోడ ఉదయమున దేవాలయమై సాయంకాలమునకు న్యాయస్థానము కాగలదు. దానిని తప్పుపట్టువారు లేరు. కాని, పురుషుడని లోకము పేరుపెట్టిన శరీరమున స్త్రీయై జీవించు మనిషి చీరకట్టి వీధికి వచ్చినచో, ఈ నేలపైననే శాసనము ఆ మనిషిని దోషిగా చూచెను. 1329 ఫసలీనాటి నిజాము చట్టము హిజ్రాల పేర్లను పట్టికకెక్కించి, వారు స్త్రీవేషమున బహిరంగముగా కనబడినచో వారంటు లేకయే నిర్బంధించు అధికారమును పోలీసులకిచ్చెను. తెలంగాణ హైకోర్టు దానిని కొట్టివేయుట 2023లో గాని జరుగలేదు.

అనగా, 2011లో రాఘవ లారెన్స్ ‘కాంచన’ ఇచ్చటి తెఱలపై ఆడుచుండగా ఆ చట్టము ఇంకను గ్రంథస్థమై యుండినది. దయ్యమన్న వణకిపోవు యువకునియందు, హత్య చేయబడిన కాంచన అను హిజ్రా ఆత్మ ప్రవేశించును. అతడు గాజులు తొడిగికొని చీరకట్టగా ప్రేక్షకులు పగలబడి నవ్వుదురు. పిమ్మట పూర్వకథ విప్పబడి, కాంచన యెట్లు వెలివేయబడెనో, తనవంటి మఱొక బిడ్డను చేరదీసి వైద్యవిద్య నెట్లు చెప్పించెనో తెలిసినంతట, ఆ నవ్వు నవ్వినవారి గొంతులోననే అడ్డుపడును. భయానక కథకు గల శిల్పరహస్య మిదియే: బోధ వలె ఎదుటనుండి వచ్చినచో తలుపు మూసికొను మనస్సు, కథ దయ్యమై వచ్చినచో తానే తలుపు తీయును. అయినను కాంచన పాత్రను ధరించినది శరత్‌కుమార్ అను పురుషనటుడు. ఆయన నటన గంభీరమే. ఆ స్థానమున ఒక హిజ్రా నటి నిలిచియుండవలసినదని నాకు నేటికిని అనిపించును.

క్వియర్ స్వతంత్రచిత్రములలో ఈ శిల్పము మఱింత అంతర్ముఖమగును. ట్రాన్స్ అనుభవమును స్వయముగా ఎఱిగిన దర్శకులు జేన్ షోన్‌బ్రన్ 2024లో వెలువరించిన ‘ఐ సా ది టీవీ గ్లో’ యందు, ఓవెన్ అను యువకుడు ఎన్నో యేండ్లు తన నిజమును తనకే చెప్పుకొనలేక, తుదకు ఎదను చీల్చి చూచుకొనగా లోపల టెలివిజను కాంతి వెలుగుచుండును. అచ్చటి అసలు భయము రాక్షసుడు కాదు. బ్రతుకక వదలివేసిన బ్రతుకే ఆ భయానకము.

మన భాషలో దీనికి మిక్కిలి సమీపమున నున్నది ప్రశాంత్ వర్మ తొలి చిత్రము ‘అ!’. నటుడు నాని నిర్మాతలలో నొకడగుటచే దీనిని కేవల స్వతంత్రచిత్రమనుట కష్టము, కాని దాని సాహసము ఆ కోవకు చెందినదే. ఒక రెస్టారెంటులో వంటవాడు, గారడీవాడు, కాలయంత్రమును తలపోయు యువకుడు, మాటలాడు చేప, వీరెల్లరి కథలును వేర్వేఱుగా సాగి, తుదకు అందఱును కలి అను ఒకే స్త్రీ మనస్సున నివసించువారని తేలును. ‘నేను’ అను మాట ఎంతమందిని మోయగలదో ఇంత స్పష్టముగా చూపిన తెలుగు చిత్రము నేనెఱుగను. ఐతే ఇందొక లోపము గలదు: రాధ, కృష్ణవేణి అను ఇద్దఱు యువతుల ప్రేమ సైతము గాయపడిన మనస్సు యొక్క శకలముగా మిగులుటచే, అట్టి ప్రేమకు వెనుక ఏదో గాయము ఉండితీరవలెనను అపోహకు చోటు కలుగుచున్నది. ఆ ప్రేమకు కారణము చూపనవసరము లేదు; రాధ తల్లిదండ్రుల ప్రేమకు కారణ మెవరడిగిరి?

ఆ లోపముతోనే ఆ ఘట్టమును నేను మఱల మఱల చూచితిని. ఈషా రెబ్బా రాధయై, తాను వరించినది నిత్యా మేనన్ ధరించిన కృష్ణవేణినని తల్లిదండ్రులకు తెలుపును. దయ్యము లేదు, కాలయంత్రము లేదు. ఒక బల్ల, నలుగురు మనుషులు. చిత్రము విడుదలైనది 2018 ఫిబ్రవరి 16న; స్వలింగ సంబంధములను నేరముగా ఎంచిన 377వ సెక్షనును సుప్రీంకోర్టు సడలించినది ఆ యేడు సెప్టెంబరు 6న. ఆ నడుమ దాదాపు ఏడు మాసములలో ఏ చీకటి హాలులోనో ప్రక్కప్రక్కన కూర్చుండి రాధ మాట విన్న ఇద్దఱు యువతులు, దీపములు వెలిగిన పిమ్మట ఒకరినొకరు ఎట్లు చూచికొనిరో అని తలచుచుందును.