ఎక్కడ ఆపాలో తెలిసిన అన్నదమ్ములు

ఒయాసిస్ బ్యాండు 2025 సెప్టెంబరులో పాసడీనాలోని రోజ్ బౌల్ స్టేడియంలో రెండు రాత్రులు పాడింది. కాలిఫోర్నియాలోనే ఉన్న ఫ్రీమాంట్ నుంచి అక్కడికి కారులో దాదాపు ఆరు గంటల దారి. 1991లో మాంచెస్టర్‌లో మొదలైన ఈ బ్యాండులో పాటలు చాలావరకు అన్న నోయెల్ గాలగర్ రాసేవాడు, తమ్ముడు లియామ్ పాడేవాడు. 2009 ఆగస్టు 28న పారిస్‌లో కచేరీకి ముందు ఇద్దరూ గొడవపడ్డారు. అన్న బ్యాండు వదిలి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఒకే వేదిక ఎక్కడానికి పదహారేళ్ళు పట్టింది. వీళ్ళకు ముందు కింక్స్ బ్యాండు నడిపిన రే, డేవ్ డేవీస్ సోదరుల మధ్యా పొత్తు అంతంత మాత్రమే.

ఇటు మన కర్ణాటక సంగీతంలోనూ తోబుట్టువుల జంటలకు కొదవ లేదు. మన తెలుగువాళ్ళలోనే మల్లాది సోదరులు, హైదరాబాద్ బ్రదర్స్, హైదరాబాద్ సిస్టర్స్, ప్రియా సిస్టర్స్ ఉన్నారు. ‘బ్రదర్స్’ అన్న పేరుకున్న గిరాకీ ఎంతంటే, ఆలత్తూరు బ్రదర్స్ అసలు అన్నదమ్ములే కారు. ఒకరు గురువుగారి అబ్బాయి, ఇంకొకరు ఆయన శిష్యుడు. మనవాళ్ళు సాధువులని, అవతలివాళ్ళు పోట్లాటరాయుళ్ళని కాదు. రిహార్సల్లో కోపతాపాలు ఏ ఇంట్లోనైనా ఉండేవే. కాకపోతే మన జంటలకు ఒక వెసులుబాటు ఉంది: పాట ఎవరిదన్న పేచీ లేదు, అది త్యాగరాజుది. తగువు వస్తే పాడే వంతుల పంపకం దగ్గరే రావాలి. ఆ పంపకానికి మన సంగీతం చాలా పకడ్బందీగా ఏర్పాట్లు చేసుకుంది.

ముందు కృతి సంగతి. ఇద్దరి పాఠాంతరం ఒకటే అయి ఉండాలి. ఐదో సంగతిలో ఒకరు నిషాదాన్ని తాకి వస్తే, రెండోవారు ధైవతం దగ్గరే వెనక్కి తిరిగితే వినేవాళ్ళకు వెంటనే తెలిసిపోతుంది. తోబుట్టువులకు కలిసొచ్చేది ఇక్కడే. మల్లాది శ్రీరాంప్రసాద్, రవికుమార్ విజయవాడలో తండ్రి సూరిబాబు దగ్గర మొదలుపెట్టి, శ్రీపాద పినాకపాణి దగ్గరా నేదునూరి కృష్ణమూర్తి దగ్గరా కలిసే నేర్చుకున్నారు. ఒకే పాఠం ఒకే గదిలో విన్న గొంతులు అవి.

అసలు పరీక్ష మనోధర్మంలో, అంటే అప్పటికప్పుడు అల్లే సంగీతంలో. రాగాలాపనలో ఒకరు మంద్రం నుంచి మధ్యస్థాయి దాకా రాగాన్ని నిలబెట్టి, పంచమం మీదో తారషడ్జమం కిందో వదిలిపెడతారు. రెండోవారు అక్కడ అందుకోవాలి. చెప్పిందే మళ్ళీ చెబితే విసుగు, ఒక్కసారిగా పైకి దూకితే అతుకు కనబడుతుంది. కల్పనస్వరాల్లో లెక్క ఇంకా బిగువు. మొదట ఒక్కొక్కరు నాలుగైదు ఆవర్తాలు పాడతారు, తర్వాత ఒక్కో ఆవర్తం, తర్వాత అర, ఆపైన పావు. చివరికి ఇద్దరూ కలిసి ముక్తాయింపు వేసి ఎత్తుగడ మీద దిగుతారు. ముక్తాయింపు ఇంట్లో అనుకుని వచ్చిందే కావచ్చు, దాని ముందు జరిగే ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం అప్పటికప్పుడు జరగాలి. వంతులు గడియారం చూసి పంచుకున్నట్టు సమానంగా ఉండే జంటలు కొన్ని ఉన్నాయి. తప్పు పట్టడానికి ఏమీ ఉండదు, గుర్తు పెట్టుకోవడానికీ ఏమీ ఉండదు. తన దగ్గర ఇంకా సరుకు ఉండగానే పక్కవారికి వదిలేయడం ఈ విద్యలో కష్టమైన భాగం.

వార్మ్ స్ప్రింగ్స్ నుంచి నైల్స్ దాకా ఫ్రీమాంట్ ఇళ్ళల్లో వారాంతం సంగీతం క్లాసులకు అక్కాతమ్ముళ్ళూ అన్నాచెల్లెళ్ళూ కలిసే వస్తారు. పదేళ్ళ వయసులో ఇద్దరూ ఐదున్నర శ్రుతిలో హాయిగా పాడతారు. పద్నాలుగేళ్ళు వచ్చేసరికి తమ్ముడి గొంతు మారి ఒకటీ ఒకటిన్నర శ్రుతికి దిగిపోతుంది. ఇక అక్క పంచమం పెట్టేచోట తమ్ముడు కేకలు పెట్టాలి, లేదా అక్క పాతాళంలో గొణగాలి. పేరున్న గాత్ర జంటలు చాలావరకు అన్నదమ్ములో అక్కచెల్లెళ్ళో కావడానికి ముఖ్యకారణం ఇదే. తమ్ముణ్ణి మృదంగంలోకి మారుద్దామనుకున్నా, అక్క శ్రుతికి సరిపోయే చిన్న మృదంగం వేరే ఉండాలి.

తీగవాద్యాలకు ఈ బెడద లేదు. జంటవిద్య ఎంతదూరం పోగలదో చూపించినవాళ్ళు కూడా పాలకొల్లు నుంచి వచ్చిన మాండొలిన్ అన్నదమ్ములే.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పుట్టారు. చిన్నప్పుడే తండ్రి సత్యనారాయణ మాండొలిన్ చేతికి తీసుకున్నారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, గాయకులు, మాండొలిన్ రానివారు. ఆయన పాడితే పిల్లవాడు తీగల మీద వెతుక్కున్నాడు. మామూలు మాండొలిన్‌కు జంటజంటలుగా ఎనిమిది తీగలు ఉంటాయి. మీటిన నాదం క్షణంలో చచ్చిపోతుంది. తోడి రాగంలో గాంధారాన్ని దాని మీద ఊపడం అయ్యేపని కాదు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ వాద్యం పట్టి, ఐదు ఒంటితీగలకు మారారు. తీగను మెట్టు మీద పక్కకు లాగితే గమకం పలికింది, ఆంప్లిఫయరు నాదాన్ని నిలబెట్టింది. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవంలో తొలి కచేరీ చేశారు.

తమ్ముడు రాజేశ్ అన్న దగ్గరే నేర్చుకుని అన్న పక్కనే కూర్చున్నారు. రెండు గాత్రాలైతే ఎవరు ఎక్కడ అందుకున్నారో చెవికి తెలుస్తుంది. రెండు మాండొలిన్లు వాయిస్తుంటే కళ్ళు మూసుకుని చెప్పడం కష్టం. అందుకే వాళ్ళ స్వరాల మార్పిడి అంత వేగంలోనూ ఒకే చేతి వాయింపులా వినిపించేది.

ఆ జంట మిగిలిన ప్రపంచాన్ని దూరం పెట్టలేదు. ఇంగ్లండులో పీటర్ గాబ్రియెల్ నెలకొల్పిన రియల్ వరల్డ్ సంస్థ 1995లో శ్రీనివాస్, గిటారిస్టు మైకేల్ బ్రూక్ కలిసి చేసిన ‘డ్రీమ్’ ఆల్బమ్ విడుదల చేసింది. గిటారిస్టు జాన్ మెక్‌లాగ్లిన్, తబలా విద్వాంసుడు జాకిర్ హుస్సేన్‌ల రిమెంబర్ శక్తి బృందంలో శ్రీనివాస్ వాయించారు. మెక్‌లాగ్లిన్ 2008 ఆల్బమ్ ‘ఫ్లోటింగ్ పాయింట్’లో రాజేశ్ మాండొలిన్ వినిపిస్తుంది. అన్నకు తన వేదిక, తమ్ముడికి తన వేదిక, రెంటికీ మధ్య ఇద్దరిదీ ఒకటి. గాలగర్ సోదరులకు కుదరని ఏర్పాటు ఇది.

2014 సెప్టెంబరు 19న చెన్నైలో శ్రీనివాస్ చనిపోయారు. అప్పటికి ఆయనకు నలభై ఐదేళ్ళు. ఆ తర్వాత కూడా రాజేశ్ కచేరీలు చేస్తూ వచ్చారు. జంటలో అలవాటైన చేతికి ఒంటరి కచేరీ అంటే రాగాన్ని మంద్రం నుంచి తారస్థాయి దాకా తనే మోయడం, అన్న అందుకునేవేళ దొరికే విరామం లేకుండా స్వరాలు ముక్తాయింపు దాకా తీసుకెళ్ళడం.