సీసాలకో టేకు అలమర

నిజామాబాద్ జిల్లా సిరికొండ చుట్టుపక్కల పాత పెంకుటిల్లు విప్పుతున్నారని తెలిస్తే, వైన్ సీసాలకు అలమర చేయించుకోవాలనుకునేవారు ముందు అక్కడికి వెళ్లాలి. ఆ దూలాలు, వాసాలు, దర్వాజ చట్రాలు ఎన్నో ఎండాకాలాలు చూసి, ముడుచుకోవాల్సినంత ముడుచుకున్న టేకు. అడవి అంచు మండలం కదా అని కొత్త దుంగ కోసం చూడకండి. అటవీ శాఖ పర్మిట్ లేనిదే అది కదలకూడదు. తెచ్చినా పచ్చిది. పచ్చి టేకు పూర్తిగా ఆరేసరికి వెడల్పులో 5 శాతం దాకా తగ్గుతుంది, పొడవులో మాత్రం దాదాపు మారదు. వైన్ అలమర నిలిచేదీ పగిలేదీ ఈ తేడా దగ్గరే.

పలకల దర్వాజ చేసే వడ్రంగులకు ఇది తెలియంది కాదు. చట్రం పట్టీల లోపలి అంచున గాడి తీసి, పలకను అందులో ఊరికే కూర్చోబెడతారు. బంక పెట్టరు, మేకు కొట్టరు. వానలకు ఉబ్బినా, ఎండలకు ముడుచుకున్నా పలక గాడిలోనే జరుగుతుంది, చట్రం చెక్కుచెదరదు. మూలల్లో ఒక పట్టీ కొసను నాలుకలా చెక్కి, రెండో పట్టీకి తొలిచిన బెజ్జంలోకి దిగ్గొట్టి, అడ్డంగా వెదురు చీల వేస్తారు. నాలుక మందం పట్టీ మందంలో మూడో వంతు ఉండాలి. లావైతే బెజ్జం గోడలు పగులుతాయి, సన్నమైతే అదే విరుగుతుంది. రేపు అలమర వద్దనుకుంటే చీలలు తట్టి పట్టీలు విడదీసుకోవచ్చు. ప్లైవుడ్‌కు ఆ యోగం లేదు.

రంద పట్టేముందు పాత కర్రలోని మేకులన్నీ ఏరాలి. తెల్లటి పై పొరను కోసెయ్యాలి, చెదను తట్టుకునేది లోపలి చేవే. టేకులో నూనె ఉంటుంది, అందుకే ఇంకెక్కడైనా బంక రాయాల్సివస్తే ఆ చోటును ముందు థిన్నర్‌తో తుడవాలి.

మామూలు వైన్ సీసా సుమారు 30 సెంటీమీటర్ల పొడవు, 7.5 సెంటీమీటర్ల లావు. నిండు సీసాలు డజను పెడితే 15 కిలోల పైనే, అర ఆ బరువు మోయాలి. కార్క్ బిరడా ఉన్నవాటిని పడుకోబెట్టాలి. కార్క్ ఎండితే గాలి చొరబడి వైన్ పాడవుతుంది. మరమూతవి నిలబెట్టినా ఫర్వాలేదు.

ఇక పాలిష్. మోదుగ, రేగు చెట్ల మీద పెరిగే పురుగుల లక్కను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డతో పూత మీద పూత రుద్దుతారు. చిక్కల్లా ఇక్కడే: లక్కను కరిగించే స్పిరిట్ కూడా ఆల్కహాలే కాబట్టి, విస్కీ ఒలికితే మెరుపు లేచిపోతుంది. అందుకని లక్క బయటికే, లోపల ఒట్టి చెక్కే మేలు. పాలిష్ వాసన సీసాలకూ పట్టదు.

ఒక్క మాట. వైన్‌కు 12 నుంచి 15 డిగ్రీల చల్లదనం కావాలి. నిజామాబాద్ మే నెల 45 దాకా పోతుంది. టేకు ఎంత మంచిదైనా చల్లబరచదు. పడమటి గోడకు దూరంగా లోపలి అర్రలో పెట్టండి. ఉగాది దాటాక మిగిలిన సీసాలను ఫ్రిజ్‌లోకి మార్చండి, లేదా చుట్టాలను పిలవండి.