కొత్త పిస్టన్లు, పాత సిలిండర్లు

ఇంగ్లండులోని ఆబింగ్‌డన్ కర్మాగారమునందు 1945 మొదలు 1949 వరకు తయారైన ఎం.జి. టి.సి. అను చిన్న స్పోర్ట్సు కారును ప్రాణప్రదముగా కాపాడుకొనువారు నేటికిని పలుదేశములలో ఉన్నారు. ఈ రకపు కార్లు వెలువడినవి సుమారు పదివేలు మాత్రమే. దీని ఇంజనులో నాలుగు సిలిండర్లు కలవు. ఒక్కొక్కదాని వ్యాసము 66.5 మిల్లీమీటర్లు, పిస్టన్ పైనుండి క్రిందికి నడచు దూరము 90 మిల్లీమీటర్లు, మొత్తము ఘనపరిమాణము 1250 ఘన సెంటీమీటర్లు. నిమిషమునకు 5200 చుట్లు తిరుగునప్పుడు ఇది సుమారు 54 అశ్వసామర్థ్యము నిచ్చును.

ఇట్టి ఇంజను నీలిపొగ వదలుచు, నూనె త్రాగుచు, బలము తగ్గినప్పుడు దానిని విప్పి పిస్టన్లను, రింగులను మార్చుదురు. ఈ పనిని గూర్చి అభిమానులలో మూడు అభిప్రాయములు ప్రబలముగా ఉన్నవి. రింగులు మార్చిన చాలునన్నది మొదటిది. బోరు చేయించునెడల ఒకేసారి పెద్ద సైజునకు పోవుట మేలనియు, దానివలన శక్తికూడ పెరుగుననియు రెండవది. నేటి ఫోర్జింగు పిస్టన్ పాత పోత పిస్టన్ కంటె ఎల్లప్పుడును మేలైనదని మూడవది. మూడింటను కొంత నిజము లేకపోలేదు. కాని మూడింటికిని ఒకే లోపము కలదు. అవి కొత్తగా వచ్చు భాగమునే చూచుచున్నవి. దానిని భరింపవలసిన పాత సిలిండరును మరచుచున్నవి.

మొదటి అభిప్రాయమును పరీక్షింతము. ఒకచోట తెగియున్న లోహపు రింగును పిస్టన్ గాడిలో అమర్చు పద్ధతిని 1850లలో ఇంగ్లీషు రైలింజను నిర్మాత జాన్ రామ్స్‌బాటమ్ ప్రవేశపెట్టెను. రింగు తన స్ప్రింగు గుణముచేత గోడను నొక్కును. మండిన వాయువు గాడిలోనికి పోయి వెనుకనుండి దానిని ఇంకను గట్టిగా నొక్కును. పిస్టన్ పైకొనకు చేరి ఒక్క క్షణము ఆగినప్పుడు ఒత్తిడియు, వేడియు అత్యధికము. నూనె పొర అతి పలుచన. ఇంజను చల్లగా ఉన్నప్పుడు గోడలపై చేరు నీటి ఆవిరియు, ఆమ్లములును లోహమును తినివేయును. అందుచేత సిలిండరు అంతటను సమముగా అరుగదు. రింగు నడచు మేరకు పైభాగమున ఎక్కువగను, క్రిందిభాగమున తక్కువగను అరుగును. రింగు చేరని పైఅంచు అరుగక గట్టువలె నిలిచిపోవును.

ఈ అరుగుదలను తెలిసికొనుటకు ఒక సులభమైన ఉపాయము కలదు. రింగును ఒంటరిగా సిలిండరులోనికి దింపి, తలక్రిందులు చేసిన పిస్టన్‌తో తిన్నగా నెట్టి, దాని కొసల మధ్య సందును ఫీలర్ గేజితో కొలువవలెను. మొదట అరుగని అడుగుభాగమున, పిదప గట్టు దిగువను కొలువవలెను. వృత్తపరిధి వ్యాసమునకు 3.14 రెట్లు గదా! రెండు కొలతల భేదము 0.31 మిల్లీమీటరు అయినచో, వ్యాసము పైభాగమున 0.1 మిల్లీమీటరు అరిగినదన్నమాట. అట్టి సిలిండరులో కొత్త రింగు నిమిషమునకు 5200 మారులు తెరచుకొని మూసికొనవలసి వచ్చును. పాత రింగు అంచు అరిగి గుండ్రనైనది కావున గట్టును తాకలేదు. కొత్తదాని పదునైన అంచు దానిని కొట్టుకొని విరుగవచ్చును.

అయినను ఈ అభిప్రాయమును పూర్తిగా త్రోసివేయరాదు. అరుగుదల స్వల్పమై, గాడులు బాగుగా ఉన్నచో, గట్టును తీసి, అద్దమువలె నునుపెక్కిన గోడపై హోనింగు రాయితో అడ్డగీతలు పెట్టి రింగులు మాత్రమే మార్చుట సరియైన పనియే. ఆ గీతలలో నూనె నిలుచును. రింగు గోడతో ఒద్దిక పడును. కాని సిలిండరు కోడిగ్రుడ్డువలె ఒకవైపు సాగినదో లేదో రింగు పరీక్ష చెప్పజాలదు. దానికై క్రాంకు దండమునకు సమాంతరముగను, అడ్డముగను వ్యాసమును వేరువేరుగా కొలువవలెను.

రెండవ అభిప్రాయము మరింత ప్రమాదకరమైనది. వ్యాసమును 0.060 అంగుళము, అనగా 1.52 మిల్లీమీటర్లు, పెంచినచో ఘనపరిమాణము 1250 నుండి సుమారు 1308 ఘన సెంటీమీటర్లగును. లాభము నూటికి అయిదు కూడ కాదు. నష్టమో? గోడ అన్నివైపులను 0.76 మిల్లీమీటరు పలుచబడును. ఆ గోడకు వెలుపల ప్రవహించు నీరు డెబ్బదియేండ్లకు పైగా త్రుప్పు రూపమున దానిని రెండవవైపునుండి తినుచునే ఉన్నది. మిగిలిన మందము కంటికి కనబడదు. ఒకసారి రజనుగా రాలిన లోహము తిరిగి రాదు.

గోడ పలుచనైనచో స్లీవు వేయవచ్చునని సమాధానము చెప్పుదురు. లారీ ఇంజనులు బాగుచేయువారికి ఇది తెలిసిన పనియే. సిలిండరును మరింత తొలిచి, పోత ఇనుప గొట్టమును బిగించి, మరల 66.5 మిల్లీమీటర్లకు తేవచ్చును. కాని ఆ గొట్టమును పట్టుకొనుటకును పాతలోహము మిగిలియుండవలెను గదా! కావున అరుగుదల పోవుటకు చాలిన అతి చిన్న సైజును ఎన్నుకొనుటయే వివేకము. నాలుగింటిలో ఒకటి మాత్రమే చెడినచో, దానికొక్కదానికి స్లీవు వేసి తక్కిన మూడింటిని కాపాడుకొనుట మేలు. పిస్టన్లు చేతికి వచ్చి, వాటిని కొలిచిన పిమ్మటనే బోరు చేయింపవలెను. ముందుగా బోరు చేసి తరువాత పిస్టన్లను వెదకరాదు.

ఇక మూడవది. ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెంటీగ్రేడు పెరిగినప్పుడు 66.5 మిల్లీమీటర్ల వ్యాసము గల పోత ఇనుము సుమారు 0.07 మిల్లీమీటరు వ్యాకోచించును. నూటికి పన్నెండు వంతులు సిలికాన్ గల అల్యూమినియము మిశ్రమలోహము సుమారు 0.13, సిలికాన్ చాల తక్కువగా ఉన్న ఫోర్జింగు మిశ్రమలోహము సుమారు 0.15 పెరుగును. పిస్టన్ గోడకంటె ఎక్కువ వేడెక్కును గనుక భేదము ఇంకను హెచ్చు. కావున ఇట్టి ఫోర్జింగు పిస్టనుకు చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ సందు విడువవలెను. విడిచినచో ప్రొద్దుట ఇంజను లేచినప్పుడు టకటక శబ్దము చేయును. విడువనిచో వేడెక్కి పట్టివేయును. పందెములకు, సూపర్‌చార్జరు అమర్చిన ఇంజనులకు దాని బలము కావలసినదే. ఆదివారము మెల్లగా తిరుగు కారుకు పోత పిస్టన్ చాలును.

బరువు మాటకూడ ఉన్నది. 5200 చుట్లవద్ద పిస్టన్ పైకొనన పొందు త్వరణము భూమ్యాకర్షణకు 1300 రెట్లు మించును. ఒక పిస్టన్ తక్కినవానికంటె పది గ్రాములు బరువైనచో, ఆ వేగమున అది పదమూడు కిలోగ్రాములకు పైబడిన బరువై ఇంజనును కుదుపును. నేటి పిస్టన్లు తేలికగా ఉండుట నిజముగా గుణమే. కాని నాలుగును సమముగా ఉన్నప్పుడే ఆ గుణము ఫలించును.

ఆబింగ్‌డన్ కర్మాగారము 1980లో మూతపడినది. పిస్టన్లను, రింగులను నేటికిని కొనవచ్చును. అవి అరిగిన మరల మార్చవచ్చును. నాటి సిలిండరు దిమ్మ అట్టిది కాదు. ఇంజను బాగుచేయువాడు దానిని తన తరువాతివానికి అప్పగింపవలసియున్నది. ఎంత కొత్త లోహము పెట్టితినని గాక, ఎంత పాత లోహము మిగిల్చితినని అతడు లెక్క చూచుకొనవలెను. అందుకు మొదట తెరువవలసినది ధరల పట్టిక కాదు, మైక్రోమీటరు పెట్టె.