ముందు బ్రేకు భయం

సిర్గాపూర్ నుంచి నారాయణఖేడ్ వైపు వానాకాలంలో బండి నడిపినవాళ్లకు నల్లరేగడి సంగతి వేరే చెప్పనక్కర్లేదు. చేనులోంచి ట్రాక్టర్ రోడ్డెక్కితే టైర్లకు పట్టిన బురద పొడుగునా రాలుతూ పోతుంది. దాని మీద నాలుగు చినుకులు పడితే టైరుకు పట్టు దొరకదు. పంట చేతికొచ్చే రోజుల్లో సోయా, మక్కలు తారు మీదే ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. చీకట్లో ఆ రాళ్లు దగ్గరికి వచ్చేదాకా కనబడవు. అప్పుడు చెయ్యి ఏం చేస్తుంది, కాలు ఏం చేస్తుంది అన్నదే ఈ వారం నా మాట.

మా వైపు బండి నేర్పే పెద్దలు మొట్టమొదట చెప్పేది ఒకటే: "ముందు బ్రేకు పట్టకు బిడ్డా, బోర్ల పడ్తవ్." ఈ మాట ఊరికే పుట్టలేదు. ముందు చక్రం తిరగడం ఆగిపోతే హ్యాండిల్ మాట వినదు, కన్ను మూసి తెరిచేలోగా బండి పక్కకు పడిపోతుంది. ఆ దెబ్బలు చూసినవాళ్లు నేర్పిన జాగ్రత్త అది. కానీ బ్రేకు వేసిన క్షణాన బరువంతా ముందుకే మొగ్గుతుంది. ముందు చక్రం నేలను గట్టిగా అదుముతుంది, వెనకది తేలికవుతుంది. బండిని ఆపే బలంలో సగానికి మించి ముందు బ్రేకుదే. అసలు బలమున్న బ్రేకును వదిలేసి, తొందరగా జారే వెనక చక్రాన్నే నమ్ముకోవడం మనకు అలవాటైంది.

బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఆ భయానికి జవాబు. మీ బండికి అది ఉంటే ఓసారి కింద కూర్చుని చూడండి. చక్రం మధ్యలో, డిస్కు పక్కనే, వరసగా చిల్లులున్న సన్నటి రింగు కనిపిస్తుంది. దానికి దాదాపు ఒక మిల్లీమీటరు ఎడంగా చిన్న సెన్సర్ ఉంటుంది. ఒక్కో చిల్లు దాటినప్పుడల్లా అది సంకేతం పంపుతుంది. ఆ సంకేతాలు ఉన్నట్టుండి మందగిస్తే చక్రం బిగుసుకోబోతోందని కంట్రోల్ యూనిట్ పసిగడుతుంది. లీవరు నుంచి కాలిపర్‌కు పోయే ఆయిల్ దారిని ఒక వాల్వు మూస్తుంది, ఇంకొకటి తెరుచుకుని ఒత్తిడి తగ్గిస్తుంది. చక్రం వేగం అందుకోగానే మళ్లీ ఒత్తిడి పెరుగుతుంది. ఇదంతా ఒక్క సెకనులోనే చాలాసార్లు జరుగుతుంది. టైరు దొర్లుతూనే పది నుంచి ఇరవై శాతం దాకా జారుతున్నప్పుడు తారును బాగా పట్టుకుంటుంది. ఎంత చేయి తిరిగినవాడైనా తడి రోడ్డు మీద ఆ హద్దును ప్రతిసారీ పట్టుకోలేడు.

వేళ్ల కింద లీవరు టకటకమని అదిరేది అందుకే. చాలామంది ఆ అదురుకు బెదిరి చెయ్యి వదిలేస్తారు. వదలకూడదు. ఏబీఎస్ మనల్ని అడిగేది అదొక్కటే.

ఏబీఎస్ ఆలోచన నిన్నమొన్నటిది కాదు. విమానాల కోసం డన్‌లప్ చేసిన మాక్సరెట్ పరికరాన్ని బ్రిటన్‌లో 1958లోనే రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ మీద పరీక్షించారు. 1988లో బీఎమ్‌డబ్ల్యూ కే100 బండ్లకు ఎలక్ట్రానిక్ ఏబీఎస్ వచ్చింది. మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త మోడళ్లకు 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముతున్న మోడళ్లకు 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి చేశారు. చిన్న బండ్లకు సీబీఎస్ చాలన్నారు. వెనక బ్రేకు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడే ఏర్పాటు అది. మంచిదే, కానీ చక్రం బిగుసుకుంటే విడిపించలేదు. సిర్గాపూర్ చుట్టుపక్కల ఏ ఊళ్లో చూసినా ఎక్కువగా కనిపించేవి 100 సీసీ బండ్లే. అంటే, ఆ బురదలో రోజూ తిరిగేవాళ్లనే చట్టం పక్కన పెట్టింది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. చిన్న బండ్లకూ ఏబీఎస్ పెట్టాలని కేంద్రం 2025 జూన్‌లో ముసాయిదా తెచ్చింది. ధర పెరుగుతుందన్న అభ్యంతరం ఉంది. పెరిగినా పెట్టాల్సిందేనని నేను గట్టిగా అంటాను.

అలాగని, రోడ్డుకు లేని పట్టును ఏబీఎస్ పుట్టించదు. కంకర మీద, ఆరబోసిన గింజల మీద బండి ఆగడానికి ఎక్కువ దూరమే పడుతుంది. మలుపులో బండి వాల్చి ఉన్నప్పుడు బ్రేకు గట్టిగా నొక్కితే మామూలు ఏబీఎస్ కాపాడుతుందన్న భరోసా లేదు. సింగిల్ ఛానల్ అయితే ముందు చక్రానికే కాపలా, వెనకది జారుతుంది. మీటరులో ఏబీఎస్ లైటు బండి కదిలాక కూడా ఆరకపోతే మామూలు బ్రేకే మిగిలిందని లెక్క. మొదట ఆ సెన్సర్ దగ్గర పేరుకున్న రేగడి కడగండి, అప్పటికీ ఆరకపోతే మెకానిక్‌కు చూపించండి.

కొత్త బండి కొనేవాళ్లు షోరూంలో రంగు ఎంచుకోకముందే ఏబీఎస్ ఉందా, ఉంటే సింగిల్ ఛానలా, డ్యూయల్ ఛానలా అని అడగండి. కొన్నాక హెల్మెట్ పెట్టుకుని, ఖాళీ రోడ్డు మీద, తక్కువ వేగంలో, బండి నిటారుగా ఉండగా రెండు బ్రేకులూ గట్టిగా పట్టి చూడండి. లీవరు అదిరినా, బండి పూర్తిగా ఆగేదాకా చెయ్యి తీయకండి.