తరలిన కట్టడం, తప్పిన దిక్కు: నాగార్జునకొండ పునర్నిర్మాణాలపై ఒక పరిశీలన

ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నేడు నాగార్జునసాగర్ జలాశయం అడుగున ఉంది. 1955లో ఆనకట్టకు శంకుస్థాపన జరగకముందే, 1954లో, ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో భారత పురావస్తు శాఖ లోయలో తవ్వకాలు ప్రారంభించి 1960 వరకు కొనసాగించింది. ముంపుకు గురయ్యే కట్టడాలలో కొన్నింటిని ఎంపికచేసి, విప్పి, కొండపైనా కుడిగట్టున అనుపు వద్దా తిరిగి నిర్మించారు. పరిశోధకులు దీనిని సాధారణంగా రక్షణ అనే పేర్కొంటారు. ఆ మాట నిజమే కాని అసంపూర్ణం.

స్నానఘట్టాన్నే తీసుకుంటే, కృష్ణానదికి దారిగా ఉన్న మెట్లు ఇప్పుడు దర్శనీయవస్తువు మాత్రమే. స్తూపాల విషయం ఇంకా జటిలమైనది. సాంచీలో వలె తోరణద్వారాలు ఆంధ్రస్తూపాలకు లేవు. నాలుగు దిక్కులా ప్రవేశమార్గాలకు ఎదురుగా ఆయకవేదికలు, ఒక్కొక్క వేదికపై ఐదేసి స్తంభాలు ఉండేవి. ద్వారం చేయవలసిన పనిని కొంతవరకు అవే చేశాయి. మాఠరీపుత్ర వీరపురుషదత్తుని 6వ పాలనాసంవత్సరంలో చాంతిసిరి మహాచైత్యానికి చేసిన దానం ఆయకస్తంభాలపైనే ప్రాకృతంలో చెక్కి ఉంది. ఏ దిక్కునుంచి వచ్చేవారికి ఏ స్తంభం కనిపించేదన్నది కూడా శాసనార్థంలో భాగమే. శాసనసంపుటాల్లో వరుససంఖ్యగా మారిన పాఠం ఈ ప్రశ్నను మరపిస్తుంది.

సింహాచలంలో ఈ చిక్కు లేదు. అక్కడి ఆలయం పడమటిముఖంగా ఉంది. శ్రీకృష్ణదేవరాయల 1516 నాటి శాసనాన్ని ఆ ఆవరణతో కలిపి చదువుకోవచ్చు.

లండన్ నగరద్వారమైన టెంపుల్ బార్‌ది మరొక కథ. వీధి ఇరుకైందని 1878లో దానిని విప్పి, 1888లో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని థియోబాల్డ్స్ పార్కులో నిలబెట్టారు. 2004లో అది నగరానికి తిరిగి వచ్చింది. అయితే చేరింది ఫ్లీట్ వీధికి కాదు, సెయింట్ పాల్ కెథెడ్రల్ సమీపంలోని పేటర్‌నాస్టర్ చౌకుకు. నగర సరిహద్దును సూచించిన ద్వారం ఏ సరిహద్దూ లేని చోట నిలిచింది. విజయపురి కట్టడాలకు ఆ పాటి తిరుగుప్రయాణం కూడా సాధ్యం కాదు.

తరలించడం తప్పని ఎవరూ అనలేరు, నీరు వస్తున్నప్పుడు మరో దారి లేదు. లోపం తరువాతి అధ్యయనంలో ఉంది. కొండపై కనిపించే అమరికనే మూలమనుకొని శిల్పస్థానాలను, దాతల క్రమాన్ని వ్యాఖ్యానించడం ప్రతిలేఖకుని ప్రతిని కవి స్వహస్తమనుకోవడం వంటిది. ప్రతి కట్టడానికీ తవ్వకంలో బయటపడిన చోటును, ఇప్పుడు నిలిచిన చోటును విడివిడిగా పేర్కొనాలి. మొదటి చోటును చూపేవి తవ్వకాల నివేదికలూ, వాటిలోని పటాలే. తెలుగు శాఖల సిద్ధాంతవ్యాసాలలో ఆ పటాలు చాలా అరుదుగా కనిపిస్తాయి.